బార్బోసా నెత్తిన పెట్టిన ఓటమి: బ్రెజిల్ అభిమానులకు బహిరంగ లేఖ

బ్రెజిల్ ఫుట్‌బాల్ అభిమానులకు,

నేను హైదరాబాద్ వాణ్ణి. మా దేశం ఇంతవరకూ ఒక్క ప్రపంచ కప్‌లోనూ ఆడలేదు. అందుకే కప్పు మొదలైందంటే మాలో చాలామందిమి ఏదో ఒక పరాయి జట్టును మాదే అనుకుని, ఆ నెలంతా దానితోపాటే గెలుస్తాం, దానితోపాటే ఓడతాం. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ జట్టు మీదే. పేలే, గరించా, జికో, రొమారియో, రొనాల్డో పేర్లు మా చుట్టుపక్కల కుర్రాళ్ల నోళ్లలో నానినవే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ మనసుకు కష్టం కలిగించే సంగతి రాస్తున్నానని తెలుసు. మీ జట్టు మీద ప్రేమ లేనివాడికి ఈ సంగతితో పనే ఉండదు.

1950 జులై 16. రియో డి జనీరోలోని మారకనా స్టేడియం. ప్రపంచ కప్ చివరి మ్యాచ్‌లో ఉరుగ్వే చేతిలో మీ ఓటమి. ఆ రోజు గురించి మీ తాతల కాలం నుంచీ ఇంటింటా చెప్పుకుంటూనే ఉన్నారు. ఓటమిని అంతకాలం గుర్తుపెట్టుకోవడం తప్పని నేననను. ప్రాణంగా చూసుకున్న ఆటలో తగిలిన దెబ్బను మరిచిపొమ్మనడానికి ఎవరికీ హక్కు లేదు. నా అభ్యంతరమల్లా ఆ కథలో నిందను పంచిన తీరు మీద. పదకొండు మంది ఆడి ఓడిన మ్యాచ్‌ను ముగ్గురి మీదికి తోశారు. ఆ ముగ్గురిలోనూ చివరికి గోల్‌కీపర్ ఒక్కడి నెత్తిన పెట్టారు. మొయాసిర్ బార్బోసా కన్నుమూసేదాకా ఆ బరువు ఎవరూ దించలేదు. బార్బోసా, రక్షణ వరుసలోని బిగోడే, జువెనాల్ ముగ్గురూ నల్లజాతివాళ్లు. అది కాకతాళీయమని నేను నమ్మను. మీరూ నమ్మవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఆట సంగతి చూద్దాం. ఆ ఏడు ఫైనల్ అంటూ విడిగా లేదు. నాలుగు జట్లు చివరి రౌండ్‌లో ఒకదానితో ఒకటి తలపడాలి, ఎక్కువ పాయింట్లు ఎవరికొస్తే కప్పు వాళ్లది. మీరు స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చిత్తు చేశారు. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2 డ్రాతో సరిపెట్టుకుని, స్వీడన్ మీద 3-2తో ఎలాగో గట్టెక్కింది. కాబట్టి చివరి మ్యాచ్ డ్రా అయినా కప్పు మీదే. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకే మీ ఫ్రియాసా గోల్ కొట్టాడు. ఇక ఉరుగ్వేకు రెండు గోల్స్ కావాలి. 66వ నిమిషంలో వాళ్ల ఆటగాడు గిజియా కుడివైపు నుంచి బిగోడేను దాటుకొచ్చి బంతిని మధ్యలోకి ఇచ్చాడు, స్కియాఫినో దాన్ని వలలోకి కొట్టాడు. 1-1. అప్పటికీ కప్పు మీదే. 79వ నిమిషంలో మళ్లీ అదే గిజియా, అదే కుడివైపు, అదే బిగోడేను దాటి దూసుకొచ్చాడు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. గోల్ ముందు నిలబడ్డ మనిషికి ఆ క్షణాన ఏం కనిపిస్తుంది? పదమూడు నిమిషాల కిందట ఇతనే, ఇక్కడినుంచే బంతి మధ్యలోకి ఇస్తే గోల్ పడింది. లోపలికి ఉరుగ్వే ఆటగాళ్లు పరిగెత్తుకొస్తున్నారు. అడ్డుపడాల్సిన జువెనాల్ ఇంకా చేరుకోలేదు. ఈసారీ క్రాసే వస్తుందనుకుని బార్బోసా దాన్ని అందుకోవడానికి ఒక అడుగు అటు వేశాడు. ఆయనకూ దగ్గరి స్తంభానికీ మధ్య సందు తెరుచుకుంది. గిజియా ఆ సందును చూసి నేరుగా కొట్టాడు. బార్బోసా వెనక్కి దూకాడు. బంతి వేళ్లకు తగిలిందని, కార్నర్‌కు పోయిందని అనుకున్నానని తరవాత ఆయనే చెప్పాడు. స్టేడియమంతా మూగబోయాక గానీ బంతి ఎటు పోయిందో ఆయనకు తెలియలేదు.

దగ్గరి స్తంభం కాపాడుకోవడం కీపర్ బాధ్యతే. ఆటలో ఓనమాలు నేర్చుకున్న ఎవరైనా ఆ మాటే అంటారు, నేనూ అంటాను. బార్బోసా అంచనా తప్పింది. కానీ అది మొదటి గోల్ నేర్పిన పాఠాన్ని పట్టుకుని, రెప్పపాటులో వేసిన అంచనా. గిజియా మధ్యలోకి ఇచ్చి ఉంటే అదే అడుగును మీరంతా మెచ్చుకునేవాళ్లు. ఇలాంటి పొరపాట్లు ప్రతి ఆదివారం ప్రతి మైదానంలో జరుగుతాయి, సాయంత్రానికి మరుగున పడతాయి. మనిషి బతుకంతా వెంటాడే నేరంగా ఇది ఎలా మారిందన్నదే నా ప్రశ్న.

ఆ గోల్‌ను కాస్త వెనక్కి తిప్పి చూడండి. గిజియా ఆ కప్పులో ఉరుగ్వే ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టినవాడు. అతని వేగం ఎవరికీ తెలియని రహస్యం కాదు. అటువంటివాణ్ణి బిగోడే ఒంటరిగా ఎదుర్కోవాల్సి వచ్చింది. మొదటి గోల్ పడ్డాక కూడా ఆ వైపు తోడు అందలేదు. అప్పటి నిబంధనల ప్రకారం మధ్యలో ఆటగాణ్ణి మార్చడానికి వీల్లేదు, కానీ ఉన్నవాళ్లనే సర్దుకుని ఆ వైపు గట్టి చేసుకోవడానికి పదమూడు నిమిషాలున్నాయి. డ్రా చాలన్న జట్టు ఆ పని చేయలేదు. అది కోచ్ ఫ్లావియో కోస్టా చూసుకోవాల్సిన సంగతి. ఆయన తరవాత కూడా మీ జాతీయ జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. ఇక ముందు వరుస మాట. రెండు మ్యాచుల్లో పదమూడు గోల్స్ కొట్టినవాళ్లు ఆ రోజు ఒక్కటే కొట్టారు. ఆ కప్పులో అందరికంటే ఎక్కువ గోల్స్ అడెమీర్‌వే, ఆ మధ్యాహ్నం మాత్రం అతనికి ఒక్కటీ దక్కలేదు. అవతల ఉరుగ్వే గోల్‌కీపర్ మాస్పోలి అడ్డుగోడలా నిలబడ్డాడు. అడెమీర్‌ను వీధిలో ఆపి ఎవరూ నిలదీయలేదు. నిలదీయాలని నేననడం లేదు. అదే మర్యాద బార్బోసాకు ఎందుకు దక్కలేదని అడుగుతున్నాను.

ఆట మొదలుకాక ముందే జరిగినవాటి దగ్గరికి వస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. 1950 మీ దేశంలో ఎన్నికల ఏడాది. ఊరికి దూరంగా ప్రశాంతంగా ఉన్న జట్టు శిబిరాన్ని అక్కడినుంచి వాస్కో డ గామా క్లబ్బుకు చెందిన సావో జనువారియో స్టేడియానికి మార్చారు. దాంతో నాయకులు, అభ్యర్థులు, విలేకరులు, వ్యాపారులు అందరికీ తలుపులు తెరుచుకున్నాయి. ఫోటోలు, కరచాలనాలు, ఉపన్యాసాలు. అప్పటిదాకా ఆడని మ్యాచ్‌కు అభినందనలు. ఓ ముండో అనే పత్రిక జట్టు ఫోటో వేసి, వీళ్లే ప్రపంచ విజేతలని ముందే అచ్చేసింది. ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా ఆ పత్రిక ప్రతులు కొని తెచ్చి తన జట్టుకు చూపించాడంటారు. మ్యాచ్ రోజున రియో మేయర్ అంజెలో మెండెస్ డి మొరైస్ మైకు ముందుకొచ్చి, ఇంకా బంతిని తాకని ఆటగాళ్లను విజేతలుగా సంబోధించి ప్రసంగించాడు. స్టేడియం కట్టి ఇచ్చి నా మాట నిలబెట్టుకున్నాను, ఇక కప్పు గెలిచి మీ బాధ్యత నెరవేర్చండన్నది ఆ ప్రసంగ సారాంశం.

ఆ మాటలు విన్న పదకొండు మంది మైదానంలోకి ఎంత బరువు మోసుకుంటూ దిగి ఉంటారో ఊహించండి. ఆ బరువు పెట్టినవాళ్లలో ఒక్కరి పేరైనా మీ ఇళ్లలో తిట్టుగా మిగిలిందా?

గెలుపు ఖాయమన్న నమ్మకానికి ఆధారమైనా ఉందా అంటే అదీ లేదు. ఆ మే నెలలో రియో బ్రాంకో కప్పు కోసం మీ రెండు జట్లు మూడుసార్లు తలపడ్డాయి. మొదటి మ్యాచ్‌లో, సావో పావులోలో, ఉరుగ్వే 4-3తో గెలిచింది. తరవాతి రెండూ మీరు గెలిచారు, 3-2తో, 1-0తో. మూడు మ్యాచుల్లోనూ తేడా ఒక్క గోలే. అంటే జులైలో ఎదురుగా వచ్చింది ముక్కూ మొహం తెలియని జట్టు కాదు. 1924, 1928 ఒలింపిక్స్‌లోనూ, 1930 మొదటి ప్రపంచ కప్‌లోనూ గెలిచిన దేశం. రెండు నెలల కిందట మీ గడ్డమీదే మిమ్మల్ని ఓడించిన జట్టు. ఈ సంగతి తెలిసిన పత్రికలు పాఠకులకు గుర్తుచేసి ఉంటే ఆ రోజు దుఃఖం ఉండేదే గానీ, ఎవరో మోసం చేశారన్న కసి ఉండేది కాదు.

ఆ కసికి ఒక దిక్కు కావాలి. అది మేయర్ మీదికి పోలేదు, పత్రికల మీదికి పోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తిరిగి ఒక్క మాట అనలేనివాళ్ల మీదికి పోయింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. బార్బోసా కాంపినాస్‌లో పుట్టింది 1921లో. మధ్యలో ఉన్నది 33 ఏళ్లే. నల్లవాళ్లూ, మిశ్రమ రక్తం వాళ్లూ ఒత్తిడికి తట్టుకోలేరని, కీలక సమయంలో వాళ్లకు గుండె జారిపోతుందని పెద్దమనుషులు సైతం నమ్మే రోజులవి. ఓటమి ఆ నమ్మకానికి సాక్ష్యంగా పనికొచ్చింది. మీ దేశపు గొప్ప క్రీడా రచయిత మారియో ఫిల్యో నల్లజాతి ఆటగాళ్ల చరిత్ర రాసిన తన పుస్తకాన్ని 1964లో తిరిగి వేసినప్పుడు, నింద ఈ ముగ్గురి మీదే ఎలా వాలిందో అందులో రాశాడు. మారకనాకు ఇప్పుడున్న అధికారిక నామం ఆయనదే. ఆ స్టేడియం పేరే ఆ అన్యాయాన్ని చెప్పినవాడి పేరు.

బిగోడే సంగతి మరీ దారుణం. మ్యాచ్‌లో వరేలా అతని చెంప మీద కొట్టాడని, అతను నోరు మూసుకుని ఊరుకున్నాడని పుకారు లేచింది. కొట్టలేదని వరేలా చెప్పాడు, దెబ్బ తినలేదని బిగోడే చెప్పాడు. అయినా పిరికివాడన్న పేరు పోలేదు. ఇద్దరు ప్రత్యక్ష సాక్షుల మాటకంటే పుకారుకు విలువ ఎక్కువైనప్పుడు, ఆ పుకారును నమ్మాలన్న కోరిక ముందునుంచే ఉన్నట్టు లెక్క. ఇదే ఉరుగ్వే జట్టులో రొద్రిగెస్ అంద్రాదె నల్లజాతివాడు, వరేలాలో ఆఫ్రికా రక్తం ఉంది. వాళ్ల గుండె జారలేదు. రంగుకూ ధైర్యానికీ సంబంధం లేదనడానికి సాక్ష్యం ఆ మధ్యాహ్నం మీ కళ్లముందే పరిగెత్తింది.

ఇక బార్బోసా బతుకు. ఆయన సామాన్య ఆటగాడు కాదు. వాస్కో తరఫున 1948లో దక్షిణ అమెరికా క్లబ్బుల టోర్నీ గెలిచాడు, బ్రెజిల్ తరఫున 1949లో దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ ఓటమి తరవాత జాతీయ జట్టుకు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, 1953లో. ఆట మానేశాక పొట్టకూటికి మారకనా ప్రాంగణంలోనే ఉద్యోగం చేశాడు. ఏ చోటు తన పేరు చెరిపేసిందో ఆ చోటికే రోజూ పనికి వెళ్లి రావాలి. ఒకసారి దుకాణంలో ఒకావిడ ఆయన్ను చూపించి, బ్రెజిల్ అంతటినీ ఏడిపించింది ఇతనేరా అని తన కొడుక్కి చెప్పిందట. ఇరవై ఏళ్ల తరవాతి మాట అది. అప్పటికి మీరు మూడు కప్పులు గెలిచారు. 1958, 1962, 1970. ఒక్క కప్పూ ఆయన్ను విడిపించలేదు. 1993లో జాతీయ జట్టు శిబిరానికి పలకరించడానికి వెళ్తే, దురదృష్టం వెంట తెస్తాడన్న భయంతో లోపలికి రానివ్వలేదు. బ్రెజిల్‌లో ఎంత పెద్ద నేరానికైనా గరిష్ఠ శిక్ష 30 ఏళ్లేనని, తాను చేయని నేరానికి 50 ఏళ్లుగా అనుభవిస్తున్నానని ఆయన అన్న మాట మీకందరికీ తెలుసు. 2000 ఏప్రిల్ 7న చనిపోయాడు.

ఆ శిక్ష ఆయన ఒక్కడితోనూ ఆగలేదు. నల్లవాణ్ణి గోల్‌లో నిలబెట్టకూడదన్న మాట మీ ఆటలో ఒక అలిఖిత నియమంలా పాకింది. 1966లో పోర్చుగల్‌తో మాంగా ఒక మ్యాచ్ ఆడిన మాట నిజమే. కానీ ఒక నల్లజాతి కీపర్ ప్రపంచ కప్ పొడుగునా బ్రెజిల్ మొదటి ఎంపికగా నిలబడాలంటే 2006లో దిదా రావలసి వచ్చింది. మధ్యలో గడిచింది 56 ఏళ్లు. సగం పైగా జనాభాలో ఆఫ్రికా మూలాలున్న దేశంలో, ఎంతమంది పిల్లలు చేతి తొడుగులు తొడుక్కోకుండానే వెనక్కి తగ్గి ఉంటారో లెక్కపెట్టగలిగేవాళ్లు లేరు. ఓటమికి మీరు చెల్లించిన అసలు మూల్యం ఇదని నా అభిప్రాయం. పోయిన కప్పు ఎనిమిదేళ్లలో తిరిగొచ్చింది.

జట్టు తెల్ల చొక్కాకు కూడా ఆ నింద తగిలింది. అందులో దేశాభిమానం లేదన్నారు. 1953లో ఒక పత్రిక పోటీ పెట్టి కొత్త చొక్కా కోరితే, ఉరుగ్వే సరిహద్దులోని జగ్వారావ్‌కు చెందిన ఆల్దిర్ షెలీ అనే కుర్రవాడు ఈ పసుపు చొక్కా గీసి గెలిచాడు. మనసులో తాను ఉరుగ్వే అభిమానినని ఆ తరవాత ఆయనే చెప్పుకున్నాడు. ఇవాళ హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద కూడా దొరికే ఆ చొక్కాను ఒక సరిహద్దు ఊరి కుర్రవాడు, ఇరువైపులనూ ప్రేమించినవాడు, గీశాడన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి.

పరాయివాడివి, మా నొప్పి నీకేం తెలుసని మీరు అడగవచ్చు. 1950 కప్పుకు మాకూ ఒక లంకె ఉంది. ఆ కప్పులో మా దేశం పేరు కూడా ఉంది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో ఒకే గ్రూపులో పడ్డాం. చివరికి రాలేదు. మీ దగ్గర 7-1తో ఓడిన స్వీడన్ మేం ఆడవలసిన జట్టే. ఎందుకు రాలేదంటే, బూట్లు వేసుకోవడం రాక, ఉత్తికాళ్లతో ఆడనివ్వలేదు కాబట్టి అన్న కథ మా దేశమంతా చెప్పుకుంటారు. అప్పటి కెప్టెన్ శైలేన్ మన్నా అది వట్టి సాకని తరవాత చెప్పాడు. ప్రపంచ కప్ విలువ తెలియక, ఒలింపిక్స్ ఒక్కటే లెక్క అనుకుని సమాఖ్య పెద్దలు తీసుకున్న నిర్ణయమది. అదే 1950లో మా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. మా ఊళ్లో ఆటకు కొదవ లేదు. అయినా కార్యాలయంలో జరిగిన తప్పు ఆటగాళ్ల పాదాలకు అంటుకుంది. మీ దగ్గర కీపర్ చేతులు, మా దగ్గర ఆటగాళ్ల కాళ్లు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లు మాత్రం రెండు చోట్లా ఎవరికీ గుర్తులేవు. అందుకే మీ కథ నాకు పరాయిది అనిపించదు.

2014 జులై 8న బెలో హరిజాంటేలో జర్మనీ మీమీద 7-1తో గెలిచినప్పుడు, మీ పత్రికల్లో, మీ మాటల్లో ఒక ఆలోచన వినిపించింది. ఇంతకు మించిన అవమానం లేదు కాబట్టి 1950 జట్టుకు ఇక విముక్తి లభించిందని, బార్బోసా ఇక నిశ్చింతగా నిద్రపోవచ్చని. చాలామంది మంచి మనసుతోనే అన్నారు. అయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇంకా పెద్ద దోషి దొరికాడు కాబట్టి పాత దోషిని వదిలేస్తున్నామన్నట్టుంది. బార్బోసాకు కావలసింది విడుదల కాదు. అసలు ఆయన్ను బోనులో నిలబెట్టడమే తప్పని ఒప్పుకోవడం. అంతకంటే పెద్ద ఓటమి రాకపోయి ఉంటే మీరు ఇంకా శిక్షిస్తూనే ఉండేవాళ్లా? 2014లో మీ ఆటగాడు డేవిడ్ లూయిజ్ కన్నీళ్లతో క్షమించమని వేడుకున్నాడు. మైదానంలో ఓడినవాడు దేశాన్ని క్షమాపణ అడగాల్సిన పరిస్థితి కూడా 1950 వదిలిపోయిన ఆస్తే.

మీరు మారలేదని నేననడం లేదు. 2009లో గిజియాను మారకనాకు పిలిచి ఆయన పాదముద్రలు అక్కడ నిలిపారు. మీ చేత కన్నీళ్లు పెట్టించిన మనిషిని అంత ఆదరంగా చూసుకున్నారు. ఆ పెద్దమనసు చూసి ఇక్కడ కూర్చున్న నా కళ్లు చెమర్చాయి. గిజియా 2015లో సరిగ్గా జులై 16నే చనిపోతే మీలో చాలామంది సొంతమనిషి పోయినట్టు బాధపడ్డారు. 2023 మే నెలలో వాలెన్సియాలో మీ ఆటగాడు వినీసియస్‌ను జాతి పేరుతో దూషించినప్పుడు, మరునాడు రాత్రి రియోలో కొండమీది క్రీస్తు విగ్రహానికి దీపాలు ఆర్పి నిరసన తెలిపారు. ఆ ఏడాదే రియో రాష్ట్రం అతని పేరుతో జాతి వివక్షకు వ్యతిరేకంగా చట్టం తెచ్చింది. స్పెయిన్ స్టాండ్లలో నల్లవాడి మీద అరుపు వినిపిస్తే అది ఏమిటో మీకు వెంటనే తెలిసింది. 2021లో యూరో ఫైనల్ పెనాల్టీలు పోయాక రాష్‌ఫోర్డ్, సాంచో, సాకాల మీద ఇంగ్లండ్‌లో ఎలాంటి జాతి దూషణ విరుచుకుపడిందో అదీ తెలిసింది. అదే చూపుతో ఒక్కసారి మీ ఇంటి కథనూ చూడండి. గిజియా పాదాలకు గౌరవం దక్కింది, ఆయన బంతిని ఆపలేకపోయిన చేతులు ఏం పాపం చేశాయి?

మీ దగ్గరే తయారైన ఒక చిన్న సినిమా ఉంది, 1988లో వచ్చిన బార్బోసా. చిన్నప్పుడు ఆ మ్యాచ్ చూసిన ఒక మనిషి కాలంలో వెనక్కి వెళ్లి ఆ గోల్ ఆపాలనుకుంటాడు. గోల్ వెనకకు చేరుకుని బార్బోసాను హెచ్చరించబోతాడు. ఆ పిలుపుకు కీపర్ దృష్టి చెదురుతుంది, బంతి లోపలికి పోతుంది. ఆ సినిమా తీసిన జోర్జ్ ఫుర్తాదో, అనా లూయిజా అజెవేదో మీ మీద వేసిన నింద అది అని నేను అనుకోను. అభిమాని ప్రేమ కూడా ఆటగాడి మీద బరువవుతుందని, ఆ బరువులో మనకూ వాటా ఉందని చెప్పిన నిజమది. నాకూ వాటా ఉంది, ఎందుకంటే నేనూ మీలో ఒకణ్ణే.

ఆ రోజు మీ వాళ్ల పక్షాన ఎవరూ నిలబడలేదన్నది నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. నిలబడడం మీ దేశానికి తెలియని పనేమీ కాదు. 1923లో వాస్కో నల్లవాళ్లతో, కూలిపని చేసే తెల్లవాళ్లతో జట్టు కట్టి రియో ఛాంపియన్ అయింది. మరుసటేడు పెద్ద క్లబ్బులు కొత్త లీగ్ పెట్టి, అందులో చేరాలంటే పన్నెండు మంది ఆటగాళ్లను తీసెయ్యమన్నాయి. వాస్కో అధ్యక్షుడు జోసె అగుస్తో ప్రెస్తెస్ ఒక ఉత్తరం రాశాడు. వాళ్లను వదులుకోం, మీ లీగ్‌లో చేరబోమని. 1924 ఏప్రిల్ 7 నాటి ఆ ఉత్తరాన్ని మీరు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. బార్బోసా ఎక్కువకాలం ఆడింది ఆ క్లబ్బుకే. ఇప్పుడు ఆ క్లబ్బు శిక్షణా కేంద్రానికి ఉన్నది ఆయన పేరే. ఈ ముగ్గురూ మావాళ్లు, ఓడింది మేమందరం అని 1950 జులై 17న కోచ్‌గానీ, మేయర్‌గానీ, పత్రికల సంపాదకులుగానీ ఎలుగెత్తి అని ఉంటే ఒక మనిషికి యాభై ఏళ్ల బతుకు మిగిలేది.

ఆ పని ఇప్పుడు చేయగలిగింది మీరే. నేనడిగేది పెద్ద కోరిక కాదు. మీ పిల్లలు ఆ పాత నలుపు తెలుపు దృశ్యం చూసి, తప్పెవరిది నాన్నా అని అడిగినప్పుడు, గోల్ దగ్గర కింద పడి లేస్తున్న మనిషిని వేలితో చూపించకండి. మే నెలలో సావో పావులోలో పడిన ఆ నాలుగు గోల్స్‌తో మొదలుపెట్టండి. శిబిరం మార్చిన సంగతి, మేయర్ ఉపన్యాసం, ముందే అచ్చయిన ఫోటో చెప్పండి. బార్బోసా అంచనా తప్పిందని కూడా చెప్పండి, దాచనక్కర్లేదు. అన్నిటికంటే ముందు ఉరుగ్వే పేరు చెప్పండి. బార్బోసా ఓడించాడన్న ప్రతిసారీ మీరు గిజియా పరుగును, స్కియాఫినో దెబ్బను, మాస్పోలి చేతులను, ఒక గోల్ వెనకబడ్డాక బంతిని చంకలో పెట్టుకుని లైన్స్‌మన్‌తో వాదిస్తూ తన వాళ్లకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చిన వరేలాను చిన్నబుచ్చుతున్నారు. ఆ మధ్యాహ్నం మారకనాలో ఒక గొప్ప జట్టు గెలిచింది.

మీ జట్టు అభిమాని,
హైదరాబాద్ నుంచి